పత్తిగదిలో పెద్దాయన

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో మనిషికి తెలియనిదంటూ ఉండదు. తెలియకపోవడం తర్వాతెప్పుడో, నాలుగు దెబ్బలు తిన్నాక, నెమ్మదిగా ఒంటబట్టే విద్య. నా మట్టుకు నాకు ఇరవై మూడేళ్ళ వయసులో, వ్యవసాయ డిప్లొమా పట్టాకి ఇంకా లామినేషన్ కూడా చేయించకముందే, ఎలుకల గురించి సమస్తమూ తెలుసు. సత్తెనపల్లి నుంచి ఆటోలో ముప్పావుగంట దూరమున్న ఒక ఊళ్ళో నా కొలువు. రైతుల్ని బడి వరండాలో కూర్చోబెట్టి, చేలల్లో ఎలుకల్ని ఎలా మట్టుబెట్టాలో చెప్పడం అందులో ఒక భాగం. కలుగుల్ని ఎలా గుర్తుపట్టాలి, ఎర ఎక్కడ పెట్టాలి, మందు పిల్లలకూ పశువులకూ అందకుండా ఎలా చూసుకోవాలి అని నేను గుక్క తిప్పుకోకుండా చెబుతుంటే, మా నాన్న వయసు రైతులు తలగుడ్డలు తీసి ఒళ్ళో పెట్టుకుని "అట్టాగేనండి మేడంగారూ" అనేవారు. (వాళ్ళలో సగం మంది చల్లటి గచ్చు మీద కాసేపు నడుం వాల్చడానికి వచ్చేవారని నాకు తెలియడానికి రెండేళ్ళు పట్టింది.) పైగా మాది చీరాల, మగ్గం ఉన్న ఇల్లు. మగ్గం మీది పడుగును ఎలుక కొరికిందంటే పది రోజుల పని మట్టిలో కలిసినట్టే. అందుకని మా అమ్మకు ఎలుకలంటే వంశపారంపర్యమైన పగ. చదువూ, పగా రెండూ ఉన్నదాన్ని, నాకింక ఎదురేముంది?

ఆ ఊళ్ళో పెళ్ళికాని ఆడపిల్లకు గది ఇవ్వడానికి చాలామంది వెనకాడారు. చివరికి ఊరి చివర, మిరపకాయలు ఆరబోసే కల్లాల పక్కన, ఒక పాత పెంకుటింట్లో చోటు దొరికింది. ఇంటావిడకు డెబ్బై దాటాయి. సన్నటి మనిషి, నిటారుగా నడిచేవారు, చూపు మాత్రం బాగా మందగించింది. ఊరంతా ఆవిడను మామ్మగారు అనేది, నేనూ అంతే. పిల్లలు లేరు. భర్త పది నెలల కిందట పోయారు. ఇంటికి మధ్యలో హాలు, వెనక వంటిల్లు, ఎడమవైపు ముందు నా గది, దాని వెనకే ఆ పోయిన పెద్దాయన గది. ఆ గది నిండా పత్తి. పోయే ముందు ఏరించిన ఆఖరి పత్తి అది. "రేటు వచ్చినప్పుడు నేను చెబుతా, అప్పటిదాకా కదిలించొద్దు" అని మంచాన పడ్డాక కూడా అన్నారట. ఆ చెప్పేదేదో చెప్పకుండానే వెళ్ళిపోయారు. మామ్మగారు ఇంకా ఎదురుచూస్తున్నారు. పత్తి కుప్ప పక్కనే ఆయన నులకమంచం, మంచం కింద ఆయన కట్ షూలు, ఎక్కడివక్కడ అలాగే ఉన్నాయి.

నేను ఆ ఇంట్లో చేరిన పదో రోజో, పన్నెండో రోజో. ఫిబ్రవరి నెల, మిరపకోతల కాలం. పొద్దు పొడవకముందే ఊరు ఊరంతా ఆటోలెక్కి చేలకు పోయేది. పది గంటలకల్లా వీధిలో కుక్క కూడా కనబడేది కాదు. మామ్మగారు కూడా కల్లం దగ్గరికి వెళ్ళారు. కల్లంలో ఎండకు మెరుస్తున్న కాయల రంగు గుమ్మంలోంచి లోపలికొచ్చి పైన దూలాల మీద పడుతోంది. ఇల్లంతా ఒక రకమైన లేత ఎరుపు. ఘాటుకు కళ్ళు మండుతుంటే తుడుచుకుంటూ ఆఫీసుకు పంపాల్సిన రిపోర్టు రాసుకుంటున్నాను. అప్పుడు గోడ అవతల ఎవరో గొంతు సవరించుకున్నారు.

"ఖ్హుఁ. ఊఁ. ఊఁ."

పెద్దమనుషులు ఏదో అడగబోయే ముందు చేసే చప్పుడు. నేను గబుక్కున చున్నీ సర్దుకుని లేచి నిలబడ్డాను. (మా నాన్న పెంపకం అలాంటిది.) ఎవరూ రాలేదు. హాల్లోకి వెళ్ళి చూస్తే పెద్దాయన గది తలుపుకు బయట గొళ్ళెం పెట్టే ఉంది. "ఎవరండీ?" అన్నాను. లోపల నులకమంచం కిర్రుమంది. అంతే. ఆ తర్వాత ఎంతసేపు నిలబడ్డా ఇంకే చప్పుడూ లేదు. ఆ నిశ్శబ్దమే ఎక్కువ భయం పుట్టించింది. తలుపవతల కూడా ఎవరో నాలాగే ఊపిరి బిగబట్టి, నేను వెళ్ళిపోతానేమోనని చూస్తున్నట్టుంది.

సాయంత్రం మామ్మగారు అన్నం కలుపుకుంటుంటే అడిగాను. "మామ్మగారూ, ఇంట్లో ఇంకెవరన్నా ఉన్నారా?"

"ఎవరుంటారమ్మాయ్? నువ్వు, నేను, ఆయన."

"ఆయనంటే..."

"మీ తాతగారు. గొంతు సవరించుకున్నాడా? మధ్యాహ్నం పూట అంతే. ముందు ఖ్హుఁ అంటాడు, తర్వాత రెండుసార్లు ఊఁ అంటాడు. యాభై ఏళ్ళు విన్నదాన్ని, నాకు తెలీదూ?" అంటూనే ఆవిడ ఒక ముద్ద వేరే పళ్ళెంలో పెట్టి, గొళ్ళెం తీసి, తలుపు జానెడు తెరిచి పళ్ళేన్ని లోపలికి తోశారు. "ఏమయ్యో, గోంగూర పచ్చడి. ఉల్లిపాయ కూడా పెట్టా" అని తలుపు మూసేశారు. నా మొహం చూసి నవ్వి, "పొద్దున చూడు" అన్నారు.

పొద్దున చూశాను. పళ్ళెం కడిగినట్టు ఉంది. ఉల్లిపాయ ముక్క మాత్రం గిరాటేసినట్టు గడప దగ్గర పడి ఉంది. "చూశావా, ఇంకా నా మీద కోపం తీరలా. కోపమొస్తే ఉల్లిపాయ ముట్టడు" అన్నారు మామ్మగారు, దిగులూ మురిపెమూ కలిసిన గొంతుతో.

నేను చదువుకున్నదాన్ని కదా. అన్నం తినే జీవి ఏదో ఒకటి ఉండాలని తెలుసు. తెలిసినా, పగలు పన్నెండింటికి ఆ గోడ పక్కన కూర్చుంటే వెన్ను జలదరించేది. నా గదికీ ఆ గదికీ మధ్య గోడలో ఒక చిన్న కిటికీ ఉంది, చెక్కలు కొట్టి మూసేసింది. చెక్కల మధ్య వేలు పట్టేంత సందు. ఒక మధ్యాహ్నం ధైర్యం చేసి అక్కడ కన్ను పెట్టాను. ముందు ఏమీ కనబడలేదు. నెమ్మదిగా, పైపెంకుల సందులోంచి దిగిన ఒక్క సన్నటి వెలుగుచారలో, పత్తి కనబడింది. గోడంత ఎత్తు తెల్లటి కుప్ప. ఆ కుప్ప పక్కవాలులో, మనిషి పడుకుని ఇప్పుడే లేచి వెళ్ళినట్టు, తల దగ్గర్నుంచి కాళ్ళదాకా పొడుగాటి గుంట. నేను చూస్తుండగానే ఆ గుంటలో పత్తి మెల్లగా పైకి లేచింది. మళ్ళీ దిగింది. మళ్ళీ లేచింది. ఊపిరి తీస్తున్నట్టు. "ఖ్హుఁ" అని వినబడింది, ఈసారి నా మొహానికి మూరెడు దూరంలో. నేను ఎలా పరిగెత్తానో తెలియదు కానీ, తేరుకునేసరికి కల్లంలో మిరపకాయల మధ్య, చెప్పుల్లేకుండా, చేతిలో రిపోర్టు కాగితాలతో నిలబడి ఉన్నాను. "ఏంది మేడంగారూ, కాయల్లో తేమ చూడటానికొచ్చారా?" అని అడిగాడు అక్కడ కాయలు తిరగేస్తున్న మనిషి. అవునన్నాను. రెండు కాయలు విరిచి, వాసన చూసి, బాగా ఎండాయని కూడా చెప్పాను.

ఆ ఊళ్ళో సెల్‌ఫోన్ సిగ్నల్ నీళ్ళ ట్యాంకు మెట్ల మీద తప్ప దొరికేది కాదు. అక్కడికెక్కి అమ్మకు ఫోన్ చేసి, దయ్యమన్న మాట నేరుగా అనకుండా, సంగతంతా చెప్పాను. అమ్మ ఆసాంతం విని ఒక్క మాటే అంది. "దయ్యాలు అన్నం తినవే పిచ్చిదానా. అన్నం తినేది ఏదైనా సరే బోనులో పడిద్ది."

సరే, బోను తెచ్చాను. మసాలా వడ ముక్క గుచ్చి, నా గదిలో, గోడ మూలన పెట్టాను. పొద్దున్న చూస్తే బోను మూత పడి ఉంది, వడ లేదు, లోపల ఏమీ లేదు. పైగా పెట్టినచోట లేదు, నా మంచం పక్కకు వచ్చి ఉంది. ఎవరో తీసుకొచ్చి, ఇదిగో నీ వస్తువు అని అప్పజెప్పి వెళ్ళినట్టు. తర్వాత జిగురు అట్ట తెచ్చాను. దాని మీద మొదట పడింది నా కుడి కాలు, దాన్ని ఊడదీయబోతే నా జడ. కత్తెరతో రెండంగుళాల జడ కత్తిరిస్తూ మామ్మగారు, "ఎందుకమ్మాయ్ నీకీ అవస్థ? ఆయన నిన్నేమన్నా అన్నాడా?" అని నెమ్మదిగా అడిగి, ఆ వెంటనే కాస్త గట్టిగా చెప్పారు. "బోను పెట్టుకో, కర్ర పుచ్చుకో, నీ ఇష్టం. మందు మాత్రం నా ఇంట్లో పెట్టబాక. ఆ గదిలో అసలే వద్దు. ఒకసారి పోయినోణ్ణి మళ్ళీ చంపుతావా ఏంది?"

"పెట్టనండీ" అని మాటిచ్చాను. మనస్ఫూర్తిగానే ఇచ్చాను. కానీ ఆ వారంలోనే ఒకనాడు ఆఫీసు నుంచి వచ్చి చూస్తే, నా బట్టల అట్టపెట్టెకు ఒక మూల చిల్లు పడి, అడుగున దాచిన నా డిప్లొమా పట్టా బయటికి లాగి ఉంది. అంతా బాగానే ఉంది. నా పేరు రాసిన చోట మాత్రం, ఒక్క అక్షరం మిగలకుండా, గుండ్రంగా కొరికేసి ఉంది. కింద తేదీ, సంతకాలు, ముద్ర, అన్నీ భద్రం. ఫలానా ఆమె ఉత్తీర్ణురాలైనదని ఉంది కానీ, ఆ ఫలానా ఎవరో లేదు. ఆ కాగితం పట్టుకుని ఎర్రటి వెలుతురులో చాలాసేపు అలా కూర్చున్నాను. ఎలుక కొరికిందని బుద్ధి చెబుతోంది. ఎంచి మరీ పేరే ఎందుకు తిన్నదని ఇంకేదో అడుగుతోంది. గోడ అవతల "ఊఁ. ఊఁ." అని ఎవరో తృప్తిగా అన్నారు. నాకు భయం పోయి కసి వచ్చింది. (భయం కంటే కసి ప్రమాదమని అప్పుడు తెలియదు.)

రైతులకు చూపించడానికి నా దగ్గర మందు బిళ్ళల ప్యాకెట్టు ఉండేది. గింజలూ మైనమూ కలిపి చేసిన గులాబీ రంగు బిళ్ళలు, ఒక్కోటి అగ్గిపెట్టెలో సగం ఉంటుంది. మామ్మగారు కల్లానికి వెళ్ళాక నాలుగు బిళ్ళలు తీసి, కిటికీ చెక్కల సందులోంచి స్కేలుతో ఒక్కొక్కటే ఆ గదిలోకి తోశాను. ఎర పెట్టినచోటు రోజూ చూసుకోవాలి, మిగిలిందాన్ని తీసేయాలి, ఇంట్లోవాళ్ళందరికీ చెప్పాలి అని వరండాల్లో చెప్పిన నోటితోనే, ఎవరికీ చెప్పకుండా, చూడటానికి వీల్లేని చోట పెట్టాను. పెట్టి చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాను. ఆ ఒక్క సూత్రం మాత్రం పాటించాను.

తర్వాత మూడు రోజులు ఇల్లు వింతగా ఉంది. గొంతు సవరించుకోవడం ఆగలేదు సరికదా, ఎక్కువైంది. దానికి తోడు మామ్మగారిలో ఏదో మార్పు. పెట్టెలోంచి జరీ అంచు చీర తీసి కట్టుకున్నారు. పత్తిగది తలుపు దగ్గర పీట వేసుకుని కూర్చుని, లోపలికి వినబడేలా కబుర్లు చెబుతున్నారు. ఎవరి చేలో ఎన్ని కోతలయ్యాయో, ఎవరి కోడలు అలిగి వెళ్ళిందో. మధ్యలో ఆగి చెవి ఒగ్గి వింటారు, తమలో తాము నవ్వుకుంటారు. అది కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల నవ్వు.

నాలుగో రోజు ఆదివారం, మధ్యాహ్నం వేళ. నేను ఇంట్లోనే ఉన్నాను. మామ్మగారు మూత పెట్టిన స్టీలు గిన్నె పట్టుకుని నా గదిలోకి వచ్చి, గుమ్మం వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అన్నారు. "అమ్మాయ్, ఎవరికీ చెప్పబాక. చెయ్యి చాపు."

చాపాను. నా అరచేతిలో గులాబీ రంగు బిళ్ళ పెట్టారు.

"కొబ్బరి లౌజు. ఆయన తెచ్చాడు. మూడు రోజుల్నుంచీ రోజుకొకటి, కట్ షూలో పెట్టి ఉంచుతున్నాడు. పళ్ళెం తీసుకోడానికెళ్తే కనబడింది. కొత్తకాపురంలో సత్తెనపల్లి సంతకెళ్ళినప్పుడల్లా అంతే. మా అత్తగారి కంట పడకుండా కాగితంలో చుట్టి, షూలో దోపుకొచ్చేవాడు. నీక్కూడా ఒకటి పెడదామని దాచా."

ఎలుకజాతికి దొరికినదాన్ని దొరికినచోట తినడం కంటే, చీకటిగా ఇరుగ్గా ఉన్న సందు చూసి దాచుకోవడం ఇష్టం. పాత షూని మించిన సందు ఏముంటుంది? ఇదీ నాకు తెలిసిన విషయమే. "మామ్మగారూ," అన్నాను, "మీరు తిన్నారా?"

"నిన్న ఒకటి తిన్నా. చేదు. ఆయన తెచ్చే సరుకెప్పుడూ అంతేలే, చవగ్గా వస్తే చాలు. ఊసేస్తే మనసు కష్టపెట్టుకుంటాడని మింగేశా."

ఆ బిళ్ళల్నీ, నా దగ్గరున్న ప్యాకెట్టునూ సంచిలో పడేసుకుని, "నడవండి, ఆసుపత్రికి పోవాలి" అంటూ ఆవిడ చెయ్యి పట్టుకుని బయటికి లాగాను. వీధిలో ఒక్క మనిషి లేడు. ఒక్క బండి లేదు. ఎర్రటి కల్లాల మధ్యనున్న ఆ దారిలో, ఏమీ అర్థంకాని ముసలావిడను నడిపించుకుంటూ, ఆవిడ చిగుళ్ళ వైపు, ముక్కు వైపు మాటిమాటికీ చూస్తూ, నేను మోసిన భయం అంతకుముందు ఏ కిటికీ సందులోనూ చూడలేదు. ఆ మందు తిన్న వెంటనే ఏమీ చేయదు. రెండు మూడు రోజులు మనిషిని తిరగనిచ్చి, తర్వాత లోలోపల రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది. నవ్వుతూ తిరుగుతున్న మనిషిలో అది ఈపాటికి పని మొదలుపెట్టి ఉంటుందా అని లెక్కవేసుకుంటూ నడిచాను. మలుపు దగ్గర కూలీలను దింపి వస్తున్న ఆటో దొరికింది.

ఆటోలో చెప్పాను. "అది లౌజు కాదు మామ్మగారూ. ఎలుకల మందు. నేనే పెట్టాను. మీకు మాటిచ్చి కూడా పెట్టాను."

దారికిరువైపులా మిరపచేలల్లో వంగి కోస్తున్న ఆడవాళ్ళు వెనక్కి వెనక్కి పోతున్నారు.

"నువ్వు పెట్టావా?"

"అవునండీ."

"అయితే ఆయన తెచ్చింది కాదన్నమాట."

"కాదండీ."

మొహం చేలవైపు తిప్పేసుకున్నారు. సత్తెనపల్లి వచ్చేదాకా మళ్ళీ ఇటు తిరగలేదు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆటోలోంచి దించేసి, జుట్టు పట్టుకుని కొట్టినా బాగుండేది.

ఆసుపత్రిలో డాక్టరుగారు ప్యాకెట్టు అటూ ఇటూ తిప్పి చూసి, "ప్యాకెట్టు తెచ్చి మంచిపని చేశారు. చాలామందికి తెలియదు" అన్నారు. తర్వాత, "ఇంతకీ ఇది ఇంట్లో పెట్టింది ఎవరు?" అన్నారు.

"నేనేనండీ."

"మీరేం చేస్తుంటారు?"

అబద్ధం చెప్పే ఓపిక కూడా లేదు. "ఎలుకల మందు జాగ్రత్తగా ఎలా వాడాలో రైతులకు చెబుతుంటానండీ" అన్నాను. పక్కనున్న నర్సు తల వంచుకుని ఇంజెక్షన్ సర్దుకోవడంలో మునిగిపోయింది. ఆవిడ భుజాలు మాత్రం కదలడం నాకు కనబడింది.

రక్తపరీక్ష చేసి, విరుగుడు ఇంజెక్షన్ ఇచ్చి, రెండు రోజులు ఉంచుకున్నారు. బిళ్ళ ఒక్కటే కాబట్టి, వెంటనే తీసుకొచ్చాను కాబట్టి గండం గడిచింది. ఆ రెండు రోజులూ నేను మంచం పక్కన బల్ల మీదే ఉన్నాను. మామ్మగారు అడిగినదానికి ఔను, కాదు తప్ప పలకలేదు. రెండోరోజు మధ్యాహ్నం, గోడవైపు తిరిగి పడుకునే, "అమ్మాయ్, ఇంటికి పోయాక బుట్టల తాతను పిలిపించు" అన్నారు.

బుట్టల తాత అంటే చేలల్లో వెదురు బద్దల బుట్టలు పెట్టి ఎలుకల్ని పట్టే మనిషి. నా మీటింగులన్నిటికీ వచ్చి, వెనక వరసలో గోడకు ఆనుకుని, మొదటి పాఠానికే నిద్రపోయేవాడు. అతను వచ్చి పత్తిగది తలుపులు బార్లా తెరిచాడు. పది నెలల తర్వాత ఆ గదిలోకి పూర్తి వెలుతురు వెళ్ళింది. గాలికి పత్తి రేగి, ముద్దలు ముద్దలుగా గచ్చు మీద దొర్లుతుంటే మామ్మగారు గుమ్మం పట్టుకుని నిలబడ్డారు. తాత ముక్కు ఎగబీల్చి, మంచం పక్కకు జరిపి, పత్తి రెండు చేతులతో తోసి చూపించాడు. కుండమూతి అంత కలుగు, అందులోంచి గోడ కిందుగా నా గదిలో మంచం కిందికి ఇంకో దారి. లోపలికి దోసెళ్ళకొద్దీ లాక్కుపోయిన పత్తి.

"ఎలక కాదమ్మా, పందికొక్కు. లోపల్నుంచి పత్తి గుంజుకుంటుంటే పైన కుప్ప కదులుద్ది. కోపమొస్తే పందిలాగే గుర్రుమంటది, మనిషి గొంతు సవరించుకున్నట్టు. అందుకే దానికాపేరు." ఆ మాట వినగానే నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నా పాఠం కాగితాల్లో రెండో పేజీలో ఉన్న వాక్యం అది. ఆ వాక్యాన్ని నేను ఎన్ని వరండాల్లో పైకి చదివానో లెక్కలేదు.

తాత నా గదివైపు దారిని ఇటుకతో మూసి, కలుగుకు పెరట్లో ఉన్న ద్వారాన్ని వెతికి పట్టుకుని దానికి వల బిగించాడు. గదిలో ఒక చిల్లు కుండలో గడ్డి వేసి, నిప్పు పెట్టి, రెండు ఎండుమిరపకాయలు పడేసి, కుండమూతి కలుగుకు ఆనించి ఊదాడు. మేమిద్దరం పెరట్లో నిలబడ్డాం. ముందు నేల లోపల్నుంచి ఆ చప్పుడు వచ్చింది. ఖ్హుఁ. ఊఁ. ఊఁ. పట్టపగలు, ఎండలో, అదేమిటో తెలిశాక కూడా, కాళ్ళ కింద మట్టిలోంచి ఒక ముసలాయన గొంతు వినబడుతుంటే నేను రెండడుగులు వెనక్కి వేశాను. మామ్మగారు నా చెయ్యి పట్టుకున్నారు. మూడు రోజుల్లో మొదటిసారి. అప్పుడు వలలోకి దూసుకొచ్చింది, పిల్లికూన కంటే పెద్దది, ముళ్ళలాంటి వెంట్రుకలు నిక్కబొడుచుకుని, మూతి పైకెత్తి గుర్రుమంటూ.

తాత వల ఎత్తి చూసి, "ఆడది తల్లీ. పిల్లతల్లి. తిండికి కొదవేముంది, రోజూ ముద్ద పెడుతుంటే? అందుకే ఆ మందు తినకుండా దాచింది" అన్నాడు.

మామ్మగారు ముందుకు వంగి, కళ్ళు చిట్లించి, దానివంక చాలాసేపు చూశారు. "ఆడదా!" అన్నారు. "ఇన్నాళ్ళూ నేను కబుర్లు చెప్పింది ఆడదానికా! అందుకే కాబోలు, చెప్పిందంతా విన్నది. ఆయనైతే సగంలో లేచిపోయేవాడు." అని నవ్వడం మొదలుపెట్టారు. నవ్వి నవ్వి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. కొంగు వెనక అది నవ్వో కాదో నేను చూడలేదు. తాత ఆ తల్లినీ, కలుగు తవ్వి తీసిన పిల్లల్నీ గోనెలో వేసుకుని వెళ్ళిపోయాడు. ఏం చేస్తావని ఎవరమూ అడగలేదు.

ఆ నెలాఖరుకు పత్తి అమ్మేశారు. గది కడిగించి సున్నం వేయించారు. ఇంట్లో ఇంక చీమ చిటుక్కుమన్నా వినబడేది. నేను అనుకున్నది సాధించాను. మామ్మగారికి మాత్రం మధ్యాహ్నం కునుకు పట్టడం మానేసింది. ఊరంతా చేలకు పోయి, ఇల్లంతా ఎర్రటి వెలుగు నిండి, ఎక్కడా ఏ అలికిడీ లేని ఆ రెండు గంటలూ చాప మీద అటూ ఇటూ దొర్లేవారు. ఒక సెలవురోజు నేను చూస్తూ ఉండలేక వెళ్ళి పక్కన కూర్చున్నాను. "ఏదో ఒకటి మాట్లాడమ్మాయ్, ఇల్లు బావురుమంటంది" అన్నారు. చీరాల కబుర్లు పావుగంటలో అయిపోయాయి. ఇంక చెప్పడానికి నాకు వచ్చింది ఒకటే. కాగితాలు తెచ్చుకుని, ఎలుకల నిర్మూలన పాఠం మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాను.

మామ్మగారు పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు నా మీటింగుల్లో నాకంటే చిన్నవాళ్ళు కూర్చుంటారు. వెనక వరసలో ఎవరన్నా నిద్రపోతే నేను లేపను. కానీ ఇరవై మూడేళ్ళ ఆ పిల్ల అప్పుడప్పుడు గుర్తొస్తుంది. ఎర్రటి వెలుతురులో, కత్తిరించిన జడతో, వీపు నిటారుగా పెట్టుకుని, కలుగు లక్షణాలు ఒకటి, రెండు, మూడు అని వేళ్ళు మడుస్తూ చదువుతుంటుంది. మామ్మగారు మొదటి పేజీ దాటకముందే నిద్రపోయారు, సన్నగా గురక కూడా వస్తోంది. ఆ పిల్ల చూసుకోలేదు. చాల్లేవే, ఆవిడ నిద్రపోయింది, ఇంక నువ్వూ కాస్త నడుం వాల్చు అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినదు. ఉండండి, ఇంకా మూడు పేజీలున్నాయి అంటుంది.